సినగాగ్‌లో ఆన్‌లైన్ పనులు: తరచుగా అడిగే ప్రశ్నలు

సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఆఫీసు చూసుకునేవాళ్లు, "నాకు కంప్యూటర్ వచ్చు" అన్న పాపానికి కమిటీలో ఈ పని నెత్తినపడ్డవాళ్లు, అమెరికాలో సినగాగ్‌లకు వెబ్‌సైటు, కెమెరా పనులు చేసిపెట్టే మన ఇంజినీర్లు మళ్లీమళ్లీ అడిగే సందేహాలివి. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

వెబ్‌సైటు, యూట్యూబ్, వాట్సాప్... దేనితో మొదలుపెట్టాలి?

కెమెరాతో మాత్రం కాదు. చాలాచోట్ల ముందు అదే కొంటారు. అది శనివారం రెండు మూడు గంటలు పనిచేస్తుంది, మిగతా వారమంతా సభ్యులకు సినగాగ్ నుంచి ఒక్క కబురు ఉండదు. ముందు సభ్యుల జాబితా సరిచేసుకోండి: ఫోన్ నంబరు, ఊరు, గడప దాటలేనివాళ్లెవరు, ఈ ఏడాదిలో ఇంట్లో మనిషి పోయినవాళ్లెవరు. తర్వాత తప్పుల్లేని క్యాలెండరు. ఆ తర్వాత వాట్సాప్‌లో రెండు గ్రూపులు పెట్టండి. ఒకదాంట్లో అడ్మిన్లు మాత్రమే రాయాలి, ఇంకోదాంట్లో అందరూ మాట్లాడుకోవచ్చు. రెండూ కలిపేస్తే అంత్యక్రియల కబురు పుట్టినరోజు శుభాకాంక్షల్లో కొట్టుకుపోతుంది. యూదుల్లో ఖననం వీలైనంత త్వరగా, తరచూ మర్నాడే జరిగిపోతుంది కాబట్టి ఆ కబురు ఆలస్యమైతే పనికిరాదు. వారం మధ్యలో ఒక క్లాసు నిలదొక్కుకున్నాక కెమెరా సంగతి చూడొచ్చు.

షబ్బాత్ నాడు కరెంటు వస్తువులు ముట్టుకోకూడదంటారు. మరి కొన్ని సినగాగ్‌లు లైవ్ ఎలా ఇస్తున్నాయి?

ఏ శాఖ అన్నదాన్ని బట్టి ఉంటుంది. యూదుల విశ్రాంతి దినమైన షబ్బాత్ శుక్రవారం పొద్దుగుంకే వేళ మొదలై శనివారం చుక్కలు పొడిచేదాకా సుమారు 25 గంటలు సాగుతుంది. పాత ఆచారాన్ని గట్టిగా పాటించే ఆర్థొడాక్స్ సినగాగ్‌లలో ఆ సమయంలో మైకు కూడా వాడరు, లైవ్ మాటే లేదు. సంస్కరణవాదులైన రిఫార్మ్ శాఖకు ఇది పెద్ద అడ్డంకి కాదు. న్యూయార్క్ మన్‌హాటన్‌లోని సెంట్రల్ సినగాగ్ ప్రార్థనలను వేరే దేశాలవాళ్లూ చూస్తుంటారు. మధ్యలో ఉన్నది కన్సర్వేటివ్ శాఖ. కోవిడ్ రోజుల్లో, 2020 మేలో, వాళ్ల ధర్మశాస్త్ర కమిటీ షబ్బాత్, పండగ రోజుల ప్రసారాల మీద ఒక వివరమైన తీర్పును ఆమోదించింది. పరికరాలన్నీ షబ్బాత్‌కు ముందే సిద్ధం చేసి వదిలెయ్యడం మేలన్నది అందులో ముఖ్యమైన మాట. మీ రబ్బీ (సినగాగ్ మతగురువు) ఏది ఒప్పుకుంటారో కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా వదిలేస్తే కమిటీ మారినప్పుడల్లా గొడవే.

మా దగ్గర పదిమంది పోగవ్వడం లేదు. జూమ్‌లో ఉన్నవాళ్లను కలిపి లెక్కపెట్టుకోవచ్చా?

మామూలుగా కుదరదు. కద్దీష్ (పోయినవాళ్ల కోసం ఇంటివాళ్లు చెప్పే ప్రార్థన), బరఖూ, కెదుషా అనే సామూహిక ప్రార్థనలు, తోరా (యూదుల ధర్మగ్రంథం) పఠనం వీటికి 13 ఏళ్లు దాటిన పదిమంది, అంటే మిన్యాన్, ఒకేచోట ఉండాలి. ఆర్థొడాక్స్‌లో మగవాళ్లనే లెక్కిస్తారు. రిఫార్మ్‌లోనూ, కన్సర్వేటివ్ సినగాగ్‌లు చాలావాటిలోనూ ఆడవాళ్లనూ లెక్కిస్తారు. కన్సర్వేటివ్ కమిటీ 2001లో ఇచ్చిన తీర్పు ప్రకారం పదిమంది ఒకచోట కూడాక దూరాన ఉన్నవాళ్లు విని ఆమేన్ అనొచ్చు, పదిమందిలో లెక్కకు మాత్రం రారు. 2020 మార్చిలో సినగాగ్‌లు మూతపడ్డప్పుడు ఆపత్కాలం కింద ఆన్‌లైన్ లెక్కకు వెసులుబాటు ఇచ్చారు. దాన్ని ఇప్పుడూ కొనసాగించాలా అన్నది మీ రబ్బీ చెప్పాలి.

ఆచరణలో చెయ్యాల్సింది ఒకటుంది. హాల్లో పదిమంది అయ్యారో లేదో తెరమీద ఉన్నవాళ్లకు ఎప్పటికప్పుడు చెప్పండి. తండ్రి కోసం కద్దీష్ చెబుదామని పొద్దున్నే లేచి కూర్చున్న మనిషికి, ప్రార్థనలో ఆ భాగం దాటేశాక గానీ సంగతి తెలియకపోతే కష్టంగా ఉంటుంది. (మనుషులను ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. పది మాటలున్న ఒక కీర్తన వాక్యాన్ని మనిషికొక మాట చొప్పున చెప్పుకుంటూ పోతారు.)

మాది ఆర్థొడాక్స్ సమాజం. మాకు ఆన్‌లైన్‌తో పనేముంది?

మిగతా ఆరు రోజులున్నాయి. రోజుకో తాల్ముద్ (ధర్మచర్చల గ్రంథం) పేజీ చదివే దఫ్ యోమీ ఫోన్ మీద చక్కగా నడుస్తుంది. 2711 పేజీలు, సుమారు ఏడున్నరేళ్లు పడుతుంది. ఇప్పటి 14వ ఆవృత్తి 2020 జనవరి 5న మొదలైంది. శుక్రవారం దీపాలు వెలిగించడానికి గంట ముందు ఓ పావుగంట పాటలు పెట్టొచ్చు. శనివారం రాత్రి షబ్బాత్ పూర్తిగా ముగిశాక దాన్ని సాగనంపే హవ్దాలా అంతకన్నా బాగుంటుంది. పది నిమిషాలు పట్టదు, కొవ్వొత్తి, సుగంధద్రవ్యాలు, ద్రాక్షరసం ఉంటాయి కాబట్టి పిల్లలు కదలకుండా చూస్తారు.

## క్యాలెండరు, పేర్ల జాబితాలు

దీపాలు వెలిగించే సమయం మా సైట్‌లో తప్పు చూపిస్తోంది. ఎక్కడ చూడాలి?

ముందు ఊరు చూడండి. ఎక్కడినుంచో తెచ్చి అతికించిన కోడ్‌లో న్యూయార్కో జెరూసలేమో అలాగే ఉండిపోతుంది. రెండోది నిమిషాలు. ఎక్కువచోట్ల సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగిస్తారు, జెరూసలేంలో 40 నిమిషాల ముందు. మూడోది సర్వర్ కాలమానం. నాలుగోది ఇజ్రాయెల్ పద్ధతా, బయటి దేశాల పద్ధతా అన్న ఎంపిక. ఇది తప్పితే బయటి దేశాల్లో చేసే పండగ రెండో రోజు మాయమవుతుంది, కొన్ని వారాలు ఆ వారం చదవాల్సిన తోరా భాగం పేరు కూడా వేరేది పడుతుంది. ఇండియా, అమెరికా రెండూ బయటి దేశాల కిందే. హెబ్‌కాల్ అనే యూదు క్యాలెండరు సైట్‌లో మీ ఊరు ఎంచుకుని క్యాలెండరు ఉచితంగా మీ సైట్‌లో పెట్టుకోవచ్చు. పెట్టాక స్థానిక సూర్యాస్తమయంలోంచి 18 తీసేసి ఒకసారి చేత్తో సరిచూసుకోండి.

యార్ట్‌సైట్ గుర్తుచేసే మెయిల్ తప్పు తేదీకి వెళ్లింది, కుటుంబం నొచ్చుకుంది. ఎందుకిలా అవుతోంది?

సభ్యులతో బంధాన్ని నిలబెట్టేది ఈ మెయిలే, చెడగొట్టేదీ ఇదే. లైవ్ ఆగిపోతే జనం మర్చిపోతారు గానీ ఇది మర్చిపోరు.

యార్ట్‌సైట్ అంటే మనిషి పోయిన తేదీ, హీబ్రూ క్యాలెండరు ప్రకారం. మనం తద్దినం తిథిని బట్టి పెట్టినట్టే ఇదీ ఇంగ్లీషు తేదీతో కదలదు. తప్పు సాధారణంగా మూడు చోట్ల దొర్లుతుంది.

ఒకటి, హీబ్రూ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. 2025 జనవరి 10న మధ్యాహ్నం 3 గంటలకు పోతే అది హీబ్రూ నెల తేవేత్ 10. అదే రోజు రాత్రి 8కి పోతే తేవేత్ 11. సాఫ్ట్‌వేర్‌లో "సూర్యాస్తమయం తర్వాత" అన్న గడి ఒకటుంటుంది, అందులో టిక్ పెట్టకపోతే రోజు తేడా వస్తుంది. పాత రిజిస్టర్ల నుంచి ఎక్కించిన పేర్లకు ఈ వివరం చాలావరకు ఉండదు, ఫోన్ చేసి కుటుంబాన్ని అడగాల్సిందే.

రెండు, సంవత్సరాన్ని ఊహించడం. అదే తేవేత్ 11 మళ్లీ వచ్చింది 2025 డిసెంబరు 30 సాయంత్రానికి. అంటే ఒకే ఇంగ్లీషు సంవత్సరంలో మరణమూ, మొదటి యార్ట్‌సైట్ కూడా. "వచ్చే జనవరి" అని చేత్తో రాసుకున్నవాళ్లు దీన్ని దాటేశారు.

మూడు, అధిక మాసం. 19 ఏళ్లలో ఏడుసార్లు అదార్ నెల రెండుసార్లు వస్తుంది. 2026 సెప్టెంబరులో మొదలయ్యే హీబ్రూ సంవత్సరం 5787లోనూ అంతే. మామూలు ఏడాది అదార్‌లో పోయినవాళ్లకు అష్కెనజీలు (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదులు) ఎక్కువగా మొదటి అదార్‌లో, సెఫార్దీలు (స్పెయిన్ మూలాలున్న యూదులు) రెండో అదార్‌లో చేస్తారు, రెండింట్లో చేసేవాళ్లూ ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఎంచుకుని ఊరుకుంటుంది. ఆ పేర్లను వేరుగా తీసి కుటుంబాలను అడగండి.

మెయిల్ రెండు వారాల ముందు ఒకటి, రెండు రోజుల ముందు ఒకటి వెళ్లాలి. అందులో "30 డిసెంబరు, మంగళవారం సాయంత్రం నుంచి 31 సూర్యాస్తమయం దాకా" అని రాయాలి. ఒక్క తేదీ రాస్తే ముందురోజు సాయంత్రం దీపం వెలిగించాల్సినవాళ్లు మర్నాడు వెలిగిస్తారు.

జబ్బుపడ్డవాళ్ల పేర్లు సైట్‌లో పెట్టొచ్చా?

అందరికీ కనబడే పేజీలో వద్దు. స్వస్థత కోసం చేసే మి షెబెరాఖ్‌లో హీబ్రూ పేరు, తల్లి పేరు చాలు. ఇంటిపేరు, జబ్బు, ఆసుపత్రి ఎవరూ అడగరు. జాబితాను నెలకోసారి ఖాళీ చేసి, కొనసాగించాలా అని కుటుంబాన్ని అడగండి. లేకపోతే ఎప్పుడో కోలుకున్నవాళ్లూ పోయినవాళ్లూ కూడా అందులోనే ఉంటారు. ప్రార్థన వీడియో దాచేటప్పుడు పేర్లు చదివిన భాగం కోసెయ్యండి.

## ప్రసారం

చిన్న హాలుకి ఏమేం కొనాలి?

డబ్బు ధ్వని మీద పెట్టండి. బొమ్మ మసగ్గా ఉన్నా చూస్తారు, మాట వినబడకపోతే మూసేస్తారు. కెమెరాలో ఉండే మైకు వెనక వరుస దగ్గుల్ని తప్ప ఏమీ పట్టదు. హాల్లో మిక్సర్ ఉంటే దాన్నుంచి నేరుగా వైరు లాగండి. మైకులు కనీసం రెండు ఉండాలి, ప్రార్థన నడిపేవారి దగ్గర ఒకటి, తోరా చదివే బల్ల దగ్గర ఒకటి. చదివేవారు తోరా చుట్టలుంచే మందసం వైపు తిరిగి మనకు వీపు చూపిస్తారు కాబట్టి ఆ బల్లకు వేరే మైకు లేకపోతే అసలు భాగమే పోతుంది.

ఒక్క కదలని కెమెరా చాలు. జనం వీపులు కనబడేలా వెనకనుంచి పెట్టండి, కెమెరాలో పడని రెండు వరుసలను బోర్డు పెట్టి చూపించండి. 1080 నాణ్యతకు 3 నుంచి 6 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అవుతుంది, దానికి రెట్టింపు చేతిలో ఉండాలి. వైఫై కాదు, కేబుల్. ఖాళీ హాల్లో బ్రహ్మాండంగా నడిచిన వైఫై, రెండు వందల ఫోన్లు వచ్చి చేరాక కూలబడుతుంది.

యూట్యూబ్ ఖాతాలో లైవ్ మొదటిసారి తెరుచుకోవడానికి 24 గంటల దాకా పడుతుంది. శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెడితే ఆ వారానికి లేనట్టే.

షబ్బాత్ ముందే బటన్ నొక్కేసి వదిలెయ్యొచ్చా? మధ్యలో ఆగిపోతోంది.

రబ్బీ ఒప్పుకుంటే ఎక్కువమంది చేసేది అదే. ఆగిపోవడానికి కారణాలు మామూలువే. కంప్యూటర్ నిద్రపోవడం, విండోస్ అప్‌డేట్, కరెంటు ఒక్క క్షణం పోయి రావడం. మొదటి రెంటినీ సెట్టింగుల్లో ఆపెయ్యండి. మూడోదానికి కంప్యూటర్‌తో పాటు రౌటర్‌కీ యూపీఎస్ పెట్టండి.

తర్వాత గంటల లెక్క. ఫేస్‌బుక్ లైవ్ 8 గంటలకు మించదు. యూట్యూబ్ 12 గంటలు దాటిన ప్రసారాన్ని దాచిపెట్టదు. జూమ్ డబ్బు కట్టే ఖాతాలో 30 గంటల దాకా నడుస్తుంది. ఉచితమైతే 40 నిమిషాలే. అందుకని యూట్యూబ్ వాడేవాళ్లు శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి విడిగా షెడ్యూల్ చేసి "దానంతటదే మొదలు, దానంతటదే ముగింపు" పెట్టుకోవాలి.

ఓబీఎస్ (ప్రసారం పంపే సాఫ్ట్‌వేర్)ను విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో తెరిపించేవాళ్లకు రెండు చిక్కులు. "స్టార్ట్ ఇన్" గడిలో ఓబీఎస్ ఉన్న ఫోల్డర్ ఇవ్వకపోతే భాష ఫైలు దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. క్రితం వారం కంప్యూటర్‌ను ఉన్నపళంగా ఆపేసి ఉంటే "సేఫ్ మోడ్‌లో తెరవనా?" అని పెట్టె చూపించి ఎవరైనా నొక్కేదాకా కూర్చుంటుంది. షబ్బాత్ నాడు నొక్కేవాళ్లుండరు. ప్రతి శనివారం రాత్రి ఓబీఎస్‌ను పద్ధతిగా మూసి, గురువారం ఒకసారి మొత్తం నడిపి చూడండి.

షోఫార్ (పొట్టేలు కొమ్ము బూర) ఊదితే జూమ్‌లో మొదటి క్షణం వినబడి తర్వాత నిశ్శబ్దం. ఏం చెయ్యాలి?

జూమ్ దాన్ని చప్పుడు అనుకుని కోసేస్తోంది. ఆడియో సెట్టింగుల్లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" పెట్టుకుని, మీటింగ్‌లోకి వెళ్లాక పైన ఉండే బటన్ కూడా నొక్కాలి. రెండోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. మైకును ఊదేవారికి రెండు మీటర్ల దూరంలో, ఎదురుగా కాకుండా పక్కగా పెట్టి గెయిన్ తగ్గించండి.

అలా వింటే షోఫార్ వినాలన్న విధి తీరుతుందా అంటే, ఆర్థొడాక్స్ లెక్కలో తీరదు. గోతిలోకి ఊదిన షోఫార్ ప్రతిధ్వని వింటే చెల్లదని పాత యూదు ధర్మసంహిత మిష్నా చెబుతుంది, స్పీకర్‌నూ ఆ కోవలోనే చూస్తారు. 2020లో చాలామంది పార్కుల్లో, వీధి మొగల్లో నిలబడి ఊదారు. రాలేనివాళ్లకు అది ఇప్పటికీ మంచి దారే. 2026లో రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం) మొదటి రోజు శనివారం పడింది, షబ్బాత్ నాడు చాలా సినగాగ్‌లలో షోఫార్ ఊదరు. ప్రకటనలో ఈ మాట ముందే రాయండి.

జూమ్‌లో అందరం కలిసి పాడితే గోలగోలగా ఉంటోంది.

అది సరిచెయ్యలేం. ఒకరి గొంతు ఇంకొకరికి చేరేసరికి క్షణంలో కొంత భాగం ఆలస్యమవుతుంది. అందరినీ మ్యూట్ చేసి ప్రార్థన పాడి నడిపే క్యాంటర్ ఒక్కరే పాడాలి, మిగతావాళ్లు ఎవరింట్లో వాళ్లు గొంతు కలుపుతారు. రెండో గొంతు కావాలంటే ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉండాలి.

మా ప్రార్థన వీడియోలో పాట ఉందని యూట్యూబ్ అడ్డుపడింది. గుడిలో పాడుకోవడానికీ అనుమతి కావాలా?

హాల్లో పాడుకోవడానికి అమెరికా కాపీరైటు చట్టంలో మతపరమైన ఆరాధనకు మినహాయింపు ఉంది. ప్రసారానికి ఆ మినహాయింపు వర్తించదు. ప్రార్థన మాటలు వేల ఏళ్లనాటివైనా బాణీ ఇటీవలిది కావొచ్చు. స్వరకర్త నుంచో ప్రచురణకర్త నుంచో అనుమతి తీసుకుని ఫైలులో పెట్టుకోండి. సిద్దూర్ (ప్రార్థనల పుస్తకం) పేజీలు స్కాన్ చేసి తెరమీద చూపించడానికీ ఇదే లెక్క.

## భద్రత

ఎవరో జూమ్‌లోకి దూరి బూతులు తిట్టారు, స్వస్తిక గుర్తులు చూపించారు. మళ్లీ జరగకుండా ఏం చెయ్యాలి?

2020లో ఎన్నో సినగాగ్‌లకు ఇది జరిగింది. ఆ ఏప్రిల్ 5 నుంచి జూమ్ పాస్‌వర్డు, వెయిటింగ్ రూమ్ రెంటినీ ముందే పెట్టి ఇస్తోంది. వాటిని తీసెయ్యకండి. స్క్రీన్ షేర్ హోస్ట్‌కే ఉండాలి, పేరు మార్చుకునే వీలు ఆపెయ్యాలి. ప్రార్థన నడిపేవారు కాకుండా గుమ్మం దగ్గర కాపలాకు ఇంకో కోహోస్ట్ ఉండాలి. గొడవ మొదలైతే ఒక్కొక్కరినీ వెతికి తీసెయ్యకుండా "సస్పెండ్ పార్టిసిపెంట్ యాక్టివిటీస్" నొక్కాలి, అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

మామూలు ఫోన్‌తో చేరే పెద్దవాళ్ల పేరు కనబడదు, నంబరు ముక్కే కనబడుతుంది. ఆ నంబర్ల జాబితా కాపలా మనిషి దగ్గర లేకపోతే బామ్మగారు గంటసేపు బయటే ఉండిపోతారు.

లైవ్ నడుస్తుండగా హాల్లో ఏదైనా జరిగితే?

2022 జనవరి 15న టెక్సస్‌లోని కాలీవిల్‌లో బెత్ ఇజ్రాయెల్ సినగాగ్‌లోకి ఒక సాయుధుడు జొరబడి రబ్బీతో సహా నలుగురిని బందీలుగా పట్టుకున్నాడు. ఆ షబ్బాత్ ప్రార్థన ఫేస్‌బుక్‌లో లైవ్ నడుస్తోంది, అతని మాటలు బయట జనం విన్నారు. ఒకరిని ముందే వదిలేశాడు, మిగతా ముగ్గురూ సుమారు 11 గంటల తర్వాత ప్రాణాలతో బయటపడ్డారు. అందుకని ప్రసారం ఆపే అధికారం ఉన్న మనిషి ఒకరు ఎప్పుడూ భవనం బయట, ఇంకో ఇంట్లో ఉండాలి. ఆపాక వీడియోను చెరిపెయ్యకూడదు, ప్రైవేటు చేసి పోలీసులకివ్వాలి. కెమెరా చూపులో గుమ్మాలు, కాపలావాళ్లు నిలబడే చోటు పడకూడదు. భద్రత సలహాకు అమెరికాలో సెక్యూర్ కమ్యూనిటీ నెట్‌వర్క్, బ్రిటన్‌లో కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్ట్ ఉన్నాయి.

లింకు అందరికీ ఇవ్వాలా, సభ్యులకేనా?

యూట్యూబ్ చూడ్డానికి మాత్రమే కాబట్టి తెరిచి ఉంచొచ్చు, కామెంట్లు ఆపేసి. జూమ్‌లో ముఖాలూ పేర్లూ కనబడతాయి కాబట్టి పేరు నమోదు చేసుకున్నవాళ్లకే. పిల్లల క్లాసుల చిరునామా, వేళలు మాత్రం బహిరంగ క్యాలెండరులో పెట్టకండి.

## మనుషులు

చూసేవాళ్లు ఉన్నారు, పలికేవాళ్లు లేరు. ఏం చేస్తే కదులుతారు?

వ్యూస్ చూడటం మానేసి పేర్లు చూడండి. మూడు వారాలు వరసగా చూసి నాలుగో వారం రానివారెవరో తెలిస్తే ఆ ఆదివారం ఫోన్ చెయ్యొచ్చు. అంతకన్నా పనిచేసే ఉపాయం లేదు. జూమ్ ప్రార్థనకు పావుగంట ముందే తలుపు తెరిచి, వచ్చినవాళ్లను పేరుపెట్టి పలకరించే మనిషిని పెట్టండి. అయ్యాక వెంటనే మూసెయ్యకుండా ఇరవై నిమిషాలు నలుగురేసి చొప్పున గదుల్లోకి పంపండి. ఆరుగురికి మించితే ఇద్దరే మాట్లాడతారు. క్లాసులో అందరికీ ఒకే పాఠ్యం కనబడేందుకు సెఫారియాలో (యూదు గ్రంథాలుండే ఉచిత సైటు) షీటు తయారుచేసి లింకు ముందురోజే పంపండి.

ఆటోమేటిక్ క్యాప్షన్లు హీబ్రూను చిత్రవధ చేస్తాయి. చెవులు సరిగా వినబడనివాళ్లకు తెర మూలన సిద్దూర్ పేజీ నంబరు వేస్తే అంతకన్నా ఉపయోగం.

శివా (మనిషి పోయాక ఇంటివాళ్లు వారం రోజులు పాటించే శోకం) ప్రార్థన జూమ్‌లో పెట్టమని కుటుంబం అడిగింది. ఎలా నడపాలి?

ఆన్‌లైన్ వల్ల నిజంగా మేలు జరిగే చోటు ఇది. దేశాంతరాల్లో ఉన్న తోబుట్టువులు వారం రోజులూ సాయంత్రం పూట ఒకచోట కూడగలుగుతారు. హోస్ట్‌గా దుఃఖంలో ఉన్నవాళ్లు ఉండకూడదు, పక్కింటివాళ్లో స్నేహితులో చూసుకోవాలి. డబ్బు కట్టే ఖాతా వాడండి. ఉచిత ఖాతా 40 నిమిషాలకు, సరిగ్గా కూతురు తల్లి గురించి చెబుతుండగా తెగిపోతుంది. ప్రార్థన ఇరవై అయిదు నిమిషాలు, జ్ఞాపకాలు ఇంకో అరగంట. దుఃఖంలో ఉన్నవాళ్లు నోరు విప్పేదాకా పరామర్శకు వచ్చినవాళ్లు మాట్లాడరన్నది ఆచారం. తెరమీద ఆ మౌనం ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి హోస్ట్ మొదట్లోనే ఈ సంగతి చెప్పాలి. షబ్బాత్ నాడు బహిరంగ శోకం ఉండదు, ఆ పూట మీటింగ్ పెట్టకండి.

హీబ్రూ అక్షరాలు తిరగబడి పడుతున్నాయి.

పీడీఎఫ్ నుంచి కాపీ చేసి ఉంటారు. సెఫారియా లాంటి చోటనుంచి పాఠం తెచ్చుకుని, ఆ పేరాకు కుడి నుంచి ఎడమ దిశ పెట్టండి. తెలుగూ హీబ్రూ ఒకే వరుసలో రాస్తే కామాలు, బ్రాకెట్లు గెంతుతాయి, హీబ్రూను విడి వరుసలో పెట్టండి. అచ్చులను (స్వరాలను) చూపే గుర్తులు అక్షరం పక్కకు జారుతుంటే ఫాంట్ మార్చాలి.

ప్రింట్ తీసిన ప్రార్థన కాగితాలు చెత్తలో వెయ్యొచ్చా?

దేవుడి పేరు హీబ్రూలో ఉంటే వెయ్యకూడదు, గెనిజాలో (పాత పవిత్ర కాగితాలు దాచే చోటు) పెట్టి తర్వాత పూడ్చాలి. తెరమీది అక్షరాలకు ఆ నియమం లేదు, ఫైలు చెరిపెయ్యొచ్చు. ప్రింట్ కోసం ఇచ్చే పీడీఎఫ్‌లో ఆ పేరుకు బదులు వాడే సంక్షిప్త రూపం పెడితే ఈ తలనొప్పి ఉండదు.

తెలుగు మాట్లాడే యూదుల కోసం ఆన్‌లైన్ క్లాసు ఏ వేళకు పెట్టాలి?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రయీం అని చెప్పుకునే తెలుగు సమాజం, వాళ్ల సినగాగ్ ఉన్నాయి. అమెరికా నుంచో ఇజ్రాయెల్ నుంచో పాఠం చెప్పేవాళ్లు తరచూ చేసే పొరపాటు, తమ శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ చూసుకుని వేళ పెట్టడం. అమెరికా మధ్యాహ్నానికి ఇక్కడ షబ్బాత్ మొదలైపోయి ఉంటుంది, ఇజ్రాయెల్ మధ్యాహ్నానికి దగ్గరపడి ఉంటుంది. ఆదివారం రాత్రి 7:30 బాగా కుదురుతుంది: చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం 9, ఇజ్రాయెల్‌లో సాయంత్రం 4. పాఠం మూడు వరుసల్లో ఇవ్వండి: హీబ్రూ, తెలుగు లిపిలో ఉచ్చారణ, తెలుగులో అర్థం. రెండో వరుసను హీబ్రూ చదవడం వచ్చినవారు ఒకరు గట్టిగా చదివి రికార్డు చేసి వాట్సాప్‌లో పెడితే ఉచ్చారణ గొడవలు తగ్గుతాయి. వేళను భారత కాలమానంలోనే ప్రకటించండి. అమెరికా, ఇజ్రాయెల్ రెండూ మార్చిలో గడియారం జరుపుతాయి గానీ ఒకే రోజున కాదు. ఆ మధ్య రోజుల్లో గంట తేడాతో ఎవరో ఒకరు ఖాళీ తెర చూస్తూ కూర్చుంటారు, కాబట్టి మార్చి మొదటి వారంలోనే ఇద్దరికీ వేళలు విడివిడిగా రాసి పంపండి.